ముప్ఫై ఆరు అంగుళాలు

టేపు కనిపించలేదు. ఆమె సంచిని రెండుసార్లు దులిపింది. రింగులు, మరలు, స్క్రూడ్రైవరు రాలాయి గానీ టేపు రాలలేదు. సుద్దబిళ్ల కూడా లేదు.

అది గుడ్డ టేపు. మొదటి మూడంగుళాలు ఎప్పుడో చిరిగి ఊడిపోయాయి. దాంతో ఏది కొలిచినా చివర వచ్చిన అంకెలోంచి మూడు తీసెయ్యాలి. పదహారేళ్లుగా ఇళ్లకు కర్టెన్లు బిగిస్తున్న ఆమెకు ఆ తీసివేత ఊపిరి తీసుకున్నంత మామూలైపోయింది.

"నా టేపు చూశారా అత్తయ్యా?"

కిటికీ దగ్గర కుర్చీలోంచి జవాబొచ్చింది. "చూశాను. ఆకలేసి తినేశాను."

ఉన్నదంతా ఆ ఒక్క గదీ, దానికి తోకలాంటి వంటిల్లూ. గదిలో ఏదీ ఉండాల్సిన చోట లేదు. తలుపు ఒక మూలకు పోయింది. కిటికీ కూడా ఎదుటి గోడకు నడిమధ్యన కాకుండా కుడి చివరకు నక్కింది. కిటికీ పక్కనే గోడలోంచి ఒక స్తంభం మూరెడు ముందుకు పొడుచుకొచ్చింది. కట్టినవాడికి ఆ పూట ఇంట్లో గొడవై ఉంటుందని ఆమె భర్త నవ్వేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

కుడి గోడకూ స్తంభానికీ మధ్య ఉన్న నాలుగడుగుల జాగాలోనే గదిలోకి వచ్చే వెలుతురంతా పడుతుంది. అత్తగారి కుర్చీ ఉన్నది అక్కడే. గోడ గడియారం ఆ కుర్చీ వైపుకే తిరిగి ఉంటుంది. అద్దం ఆ కుర్చీకి అందేంత కిందికే వేలాడుతుంది. ఆమె కుట్టుమిషను మాత్రం రెక్క మడుచుకుని, దుప్పటి కప్పుకుని, బీరువా వెనక చీకట్లో నిలబడి ఉంది. ఆమె కూర్చునే చోటు వంటింటి గడప.

"షాపాయన రేపు పొద్దుటికల్లా చెప్పమన్నాడు," అంది ఆమె, మోకాలికి పట్టీ బిగించుకుంటూ. "వచ్చే నెల నుంచి నిచ్చెన పనికి వేరేవాళ్లను పెట్టుకుంటాడట. ఇంట్లో మిషను వేసుకుంటేనే నాకు కుట్టుపని ఇస్తాడట. కిటికీ దగ్గర ముప్ఫై ఆరు అంగుళాలు చాలత్తయ్యా. అంతకుమించి ఒక్క అంగుళం కూడా అడగను."

"నేను పోయాక పెట్టుకో. అప్పుడు ముప్ఫై ఆరేం ఖర్మ, గదంతా నీదే."

ఎనిమిదేళ్లుగా అదే మాట. ఆ మాట తర్వాత ఇక నోరెత్తడానికి ఉండదు. జాగా కావాలంటే ఆవిడ చావు కావాలన్నట్టే. అందుకే ప్రతిసారీ ఆమె సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయేది. ఆ రోజు మాత్రం గడప దగ్గర ఆగింది.

"అలాగే కూర్చోండి. మీకంటే ముందు నిచ్చెన మీంచి నేనే పోతాను. ఇక రాని కొడుకు కోసం ఆ మలుపును చూస్తున్నారు కదా, నాకోసం కూడా చూద్దురుగాని."

కొడుకు పని నుంచి వచ్చే వీధి మలుపు ఆ కుర్చీలోంచే కనిపిస్తుంది. రెండడుగులు ఇటు జరిగితే స్తంభం అడ్డం.

అత్తగారు తల తిప్పలేదు. ఆమే మెట్లు దిగిపోయింది.

"టేపు లేకుండా కర్టెనక్కా! కత్తి లేని మంగలిలాగ," అన్నాడు షాపు వ్యాను నడిపే అతను. తన ఇనుప టేపు ఇచ్చాడు. అది సున్నా దగ్గరే మొదలవుతుంది. అయినా మూడో అంతస్తు ఇంట్లో గోడకు మొదటి గుర్తు పెట్టేటప్పుడు అలవాటుగా మూడు తీసేసింది. అతను కింద నుంచి చూసి నవ్వాడు.

"కొత్త టేపుకు పాత రోగం అంటించకక్కా."

ఆ ఇంటావిడ అప్పటికే అలిసిపోయి ఉంది. "సోఫాను కిటికీకి మధ్యకు పెడితే లైటు పక్కకు పోతోంది. లైటుకు మధ్యకు పెడితే కిటికీ పక్కకు పోతోంది. నెల్లాళ్లుగా ఇదే గోల."

"సోఫాతోపాటు నన్నూ రెండుసార్లు జరిపింది," అన్నాడు ఆవిడ భర్త లోపలి నుంచి.

"ఈ గదిలో ఎక్కువసేపు ఎవరు కూర్చుంటారండీ?" అని అడిగింది ఆమె. ఏ ఇంటికి వెళ్లినా మొదట అదే అడుగుతుంది. గది మధ్య అనేది గోడల్లో ఉండదు, కూర్చునే మనిషిలో ఉంటుంది.

"ఇక్కడెవరూ కూర్చోరు. చూడ్డానికి బాగుండాలి, అంతే."

అయితే పని తేలిక. సోఫాను లైటు కిందికి జరిపించింది. కర్టెన్ కడ్డీని ఎడమవైపు రెండడుగులు ఎక్కువ పోనిచ్చి, ఒక రెక్కను ఉత్త గోడ మీదికే వేలాడదీసింది. కిటికీ సోఫాకు సరిగ్గా మధ్యకు వచ్చినట్టయింది. "ఈ రెక్క మాత్రం ఎప్పుడూ తియ్యకండి, వెనక గోడే," అని చెప్పింది.

నిచ్చెన దిగుతుంటే మూడో మెట్టు మీద మోకాలు పట్టేసింది. కిందికీ పైకీ కాకుండా, నిచ్చెనను పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. వ్యానతను నిచ్చెన కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు. ఈసారి హాస్యమాడలేదు.

"మీ ఇల్లు ఎంత పొందిగ్గా సర్దుకుని ఉంటారో!" అంది ఇంటావిడ.

"ఒకటే గదండీ," అంది ఆమె.

సాయంత్రం తిరిగొచ్చేసరికి కిటికీలో ఇంకా వెలుతురుంది. అత్తగారు కుర్చీలోనే ఉన్నారు, తల కొంచెం పక్కకు వాలి ఉంది. పొద్దుటి కోపం ఇంకా తగ్గలేదు కాబోలనుకుంది ఆమె. సంచి దించి, పొయ్యి వెలిగించి, వంటింట్లోంచే మాట్లాడింది.

"పొద్దున నేనలా అనుండకూడదు. సరేనా? టీ పెడుతున్నాను."

టీ గ్లాసులోకి వడగట్టింది.

"అలక మానండి. నిచ్చెన మీంచి నేనేం పోలేదు, చూసుకోండి."

టీ గ్లాసు తెచ్చి చేతికి అందించబోతే ఆ చెయ్యి చల్లగా ఉంది. ఒళ్లో గుడ్డ టేపు ఉంది. వేళ్లకు సుద్ద అంటుకుని ఉంది. చీర మోకాళ్ల దగ్గర నేల దుమ్ముతో తెల్లబడింది. లేచి నిలబడ్డానికే గోడ పట్టుకునే మనిషి.

గ్లాసు కిటికీ గట్టున పెట్టి, ఆమె పక్కింటి పిన్నిని పిలిచింది.

జనం వచ్చారు. అత్తగారిని మంచం మీదికి చేర్చారు. కుర్చీని ఎవరో పక్కకు లాగారు. అప్పుడు కనిపించింది, నేల మీద సుద్దగీత. కుడి గోడకు సమాంతరంగా, వణుకుతూ, మధ్యలో రెండుచోట్ల తెగి, మళ్లీ మొదలై. స్తంభానికి అవతల, మలుపు కనిపించని చీకటి వైపున, కుర్చీ కాళ్లు ఆనాల్సిన చోట నాలుగు చుక్కలు.

ఆమె మోకాలు పట్టుకుని నెమ్మదిగా కిందికి కూర్చుంది. సంచిలో ఉండిపోయిన ఇనుప టేపు తీసి గోడ నుంచి గీత దాకా లాగింది. ముప్ఫై మూడు. మళ్లీ లాగింది. ముప్ఫై మూడే.

టేపు చిరిగిన కొసను గోడకు ఆనించి, ముప్ఫై ఆరు అంకె దగ్గర గీసి ఉంటారు. మూడు తీసెయ్యాలని ఆవిడకెవరు చెప్పారు? ఎనిమిదేళ్లుగా ఆమె చెప్పింది ముప్ఫై ఆరనే.

"ఇవేం గీతలే? అందరూ తొక్కుతున్నారు, తుడిచేయనా?" అంది పిన్ని తడిగుడ్డతో వచ్చి.

"వద్దు పిన్నీ."

కబురందుకుని వ్యానతను వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "రేపు రావని షాపులో చెప్తాలే అక్కా. మిషను సంగతి అడిగితే ఏమనమంటావు?"

ఆమె గీత మీంచి చూపు తిప్పలేదు. చెయ్యి చాపితే బీరువా, దాని వెనక మిషను. గీతకు అవతల ఇప్పుడు అంతా ఖాళీయే.

"పట్టదని చెప్పు తమ్ముడూ."

అతనికి అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపి మెట్లు దిగిపోయాడు.

అందరూ మంచం చుట్టూ చేరారు. కిటికీలో వెలుతురు తగ్గుతూ వచ్చింది. లాగిన కుర్చీ ఎవరి కాళ్లకో తగిలి, గది మధ్యన ఎటూ కాకుండా నిలిచింది. దాని మీద గుడ్డ టేపు, చిరిగిన కొస కిందికి వేలాడుతూ, మూడో అంకె దగ్గర మొదలై ఉంది.