ఆమె ఓడకి రాసిన దారి

నవంబరు పంతొమ్మిది. ఆ రోజు పొద్దున ఇంట్లో అందరూ మాడిన రొట్టె తిన్నారు. పెనం మీద రొట్టె వేసి, సూట్‌కేసు మూత పడటం లేదని భార్య కేకేస్తే అతను పరిగెత్తాడు. దాని మీద ఎక్కి కూర్చున్నాడు, ఆమె జిప్పు లాగింది, ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. తిరిగొచ్చేసరికి వంటగది నిండా పొగ. ఇంకోటి చేస్తానంటే ఆమె విననే లేదు. "మా ఓడ వంటాయన ఇంత శ్రద్ధగా మాడ్చలేడు, ఇటు ఇవ్వు" అని నిలబడే తినేసింది. సగం నారింజపండు తిని, మిగతా సగం కూతురి చేతిలో పెట్టి గుమ్మం దాటింది.

ఆమె చమురు ఓడలో సెకండ్ ఆఫీసరు. ఓడ నడవాల్సిన దారికి పటం మీద గీత గీసేది ఆమే. అతను అదే కంపెనీకి ఒడ్డున పనిచేస్తాడు. ఏ ఓడ ఎటు పోవాలో, ఎక్కడ లంగరు వెయ్యాలో కబుర్లు పంపే గది అతనిది. అందుకని ఆఫీసులో అతనికి దారి మాస్టారని పేరు పడింది. ఆ గదిలో ఎక్కడా రాసిపెట్టని కట్టుబాటు ఒకటుంది. సొంతవాళ్ళున్న ఓడకి మనం దారి రాయకూడదు. ఆ పని పక్క కుర్చీకి పోవాలి. కాబట్టి భార్య ఓడని అతను గోడ మీది తెరలో చూసుకోవడమే. నీలం మీద ఒక ఆకుపచ్చ చుక్క. టీకి లేచినప్పుడల్లా ఆ చుక్క ముందు కాసేపు ఆగేవాడు. పక్క కుర్చీ పెద్దాయన తల ఎత్తకుండానే, "రాత్రి అలలు పెద్దగా లేవు, సాఫీగానే నడిచింది" అని తనలో తాను అనుకున్నట్టు అనేవాడు. అడక్కుండా దొరికే ఆ ఒక్క ముక్క కోసం అతను రోజూ టీ తాగేవాడు. నిజానికి అతనికి టీ అంటే ఇష్టం లేదు.

ఆమె ఓడ దిగి ఇంటికి రావాల్సిన నెల ఎప్పుడో దాటిపోయింది. చమురు సముద్రం మీద ఉండగానే చేతులు మారుతుంది. కొత్తగా కొన్నవాడు ఎక్కడుంటే ఓడ ముక్కు అటు తిరుగుతుంది. అలా రెండుసార్లు ఇంటి దాకా వస్తున్నట్టే వచ్చి పక్కకి తిరిగిపోయింది. ఈసారి కొన్నది మన రేవువాళ్ళే అని తెలిశాక ఇంట్లో అందరికీ కాలు నిలవలేదు. ఆమె వెళ్ళిన దగ్గర్నుంచి మనవరాలిని చూసుకుంటూ ఆ ఇంట్లోనే ఉంటున్న అత్తగారు పరుపులు ఎండలో వేసింది, దిండు గలీబులు ఉతికింది.

"ఈసారైనా ఖాయమేనా బాబూ?" అంది ఆవిడ బఠాణీలు ఒలుస్తూ.

"ఖాయమే అత్తయ్యా. డబ్బు సంగతి ఒక్కటి సాఫీగా జరిగితే చాలు."

"కొన్నవాళ్ళ దగ్గర డబ్బు లేదా ఏమిటి?"

"ఉంది. మన డబ్బు ఉంది. కానీ చమురు ఎవరు ఎవరికి అమ్మినా డాలర్లలోనే ఇవ్వాలంటారు. ఈసారి అమ్మేవాళ్ళు పోన్లెండి, మీ డబ్బే పుచ్చుకుంటాం అన్నారు. బ్యాంకులు మాత్రం ఈ నెలాఖరు దాకానే ఒప్పుకున్నాయి. ఆలోగా సరుకు దిగకపోతే ఆ బేరం లేనట్టే."

ఆవిడ ఒక కాయ చిదిమి ఆలోచించింది. "అంటే ఇన్నాళ్ళూ ఇద్దరు మాట్లాడుకోవాలంటే మూడో ఇంటివాడి ఫోను అడుక్కున్నారు. ఇప్పుడు సొంత ఫోను వచ్చింది, అదీ నెలాఖరు దాకా."

"అంతే అత్తయ్యా."

"నాకు అందులో నెలాఖరు ఒక్కటే బుర్రకెక్కింది. ఆ లోపల నా కూతురు గుమ్మంలో కనిపించాలి."

ఏడేళ్ళ చిట్టి పడకల పంపకం అప్పుడే పూర్తి చేసేసింది. "అమ్మ ఇటు, నేను మధ్యలో, నాన్న గోడ పక్కన."

"మరి నేనో?" అంది అమ్మమ్మ.

"నువ్వు గురక పెడతావు. నీకు అవతలి గది."

"ఓసి నీ! నేనా గురక పెట్టేది? మీ నాన్ననడుగు!"

అతను బఠాణీల గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు. అత్తగారి మాట కాదనే ధైర్యం లేదు, కూతురి మాట అబద్ధం చేసే మనసూ లేదు.

ఆ వారంలోనే, ఆమె ఓడ దాటాల్సిన జలసంధి దగ్గర గొడవ మొదలైంది. సన్నటి ఆ నీటిదారికి రెండు గట్ల మీదా ఉన్న దేశాలు కళ్ళెర్రజేసుకున్నాయి. దాటుతున్న ఓడ ఒకదాని మీద ఆకాశం నుంచి ఏదో వచ్చి పడింది. కంపెనీ ఓడ కాదు, తెలిసినవాళ్ళ ఓడా కాదు. అయినా ఆ పూట గదిలో అందరూ లేచి గోడ మీది తెర ముందుకి వచ్చారు. జలసంధి కాదంటే ఇంకో దారుంది, ఖండమంతా చుట్టి రావాలి. అలా వస్తే నెలాఖరు గడిచిపోతుంది, మన డబ్బుతో కుదిరిన బేరం చెడిపోతుంది. సరుకు ఎప్పటిలా డాలర్లిచ్చేవాడికే పోతుంది. ఆ కొనేవాడు ప్రపంచానికి అటు చివర ఉన్నాడు. సరుకు ఎక్కడికి పోతే ఆమె కూడా అక్కడికే.

ఆ దెబ్బకి ముందే పక్క కుర్చీ పెద్దాయన కంటి ఆపరేషనుకి సెలవు పెట్టాడు. గొడవ ఇంకా ముదరని రోజున మేనేజరు మేడమ్ అటుగా వెళ్తూ, "ఆయన వచ్చేదాకా ఆ ఓడ కూడా నువ్వే చూసుకో, మామూలు పనేగా" అంది. ఆవిడా ఆలోచించలేదు, ఇతనూ కాదనలేదు. కాదనకపోవడానికి కారణం అతనికి తెలుసు. ఆ నాలుగు రోజులూ ఆమె ఓడ కబుర్లు తన తెర మీదికే నేరుగా వస్తాయి.

గురువారం పొద్దున కెప్టెన్ అడిగాడు: జలసంధా, చుట్టుదారా, ఆఫీసు సలహా ఏమిటి? ఆఖరి మాట కెప్టెన్‌దే అయినా, ఆఫీసు వద్దన్నాక ముందుకి వెళ్ళిన కెప్టెన్‌ని ఆ కంపెనీలో ఎవరూ చూడలేదు.

పై అంతస్తు నుంచి చమురు బేరాలు కుదిర్చే ఆయన మెట్లు దిగి వచ్చాడు. "మాస్టారూ, ఓడలు దాటుతూనే ఉన్నాయి. నిన్న కూడా దాటాయి. నెలాఖరులోపు తెప్పించండి, బేరం నిలుస్తుంది." కుర్చీ వీపు మీద చెయ్యేసి గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మ కూడా ఇంటికొస్తుంది కదా."

చెడ్డ మనిషి కాదు. నిజంగానే మంచి జరగాలని అన్నాడు. అందువల్లే ఆ మాట బరువెక్కింది.

'జలసంధి గుండా రావచ్చు' అని అతను టైపు చేశాడు. వేరే ఓడ అయితే ఈపాటికి ఏదో ఒకటి పంపేసి ఇంకో పనిలో పడేవాడు. ఇది వేరే ఓడే అనుకుందామని చూశాడు. కుదరలేదు. ఎండలో వేసిన పరుపులు కనిపించాయి, పెనం మీద పొగ కనిపించింది, ఆకాశం నుంచి పడ్డ ఆ పేరులేని వస్తువు కనిపించింది. ఏది సలహాయో, ఏది భయమో, ఏది ఆశో విడదీయడం అతని వల్ల కాలేదు. రాసింది చెరిపేశాడు. 'జలసంధి వద్దు. చుట్టుదారిన వెళ్ళండి' అని రాసి పంపేశాడు.

మధ్యాహ్నానికి ఆకుపచ్చ చుక్క దక్షిణానికి ఒంగింది.

ఆ సాయంత్రం ఆమె ఫోను చేసింది. ఓడలో వాళ్ళకి ఇంటికి మాట్లాడుకోవడానికి కొంచెం నెట్ ఇస్తారు.

"ఆ కబురు ఎవరు రాశారు? పెద్దాయన సెలవులో ఉన్నాడుగా."

"నేనే."

"నువ్వా?" ఇంజను హోరు మీద గొంతు పెంచింది. "ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. ఈ ఓడలో ఉన్నది ఇంకొకళ్ళ పెళ్ళామైతే, జలసంధి గుండా రమ్మనేవాడివా?"

ఏ జవాబు చెప్పినా అందులో ఒకళ్ళకి అన్యాయం ఉంది.

"తెలీదు" అన్నాడు.

"చిట్టికి ఏమని చెబుతావో అదీ నువ్వే చూసుకో" అని పెట్టేసింది.

మర్నాడు అతను మేనేజరు గదికి వెళ్ళి నిలబడ్డాడు. "మేడమ్, ఆ దారి నేను రాయకుండా ఉండాల్సింది."

ఆవిడ కాగితాల మీంచి తల ఎత్తింది. "ఆ ఓడ నీకిచ్చింది నేను. సరే, ఇప్పుడు మార్చమంటావా?"

"మార్చమని నా నోటితో అనలేను."

"అయితే వెళ్ళి భోంచెయ్యి. మొహం చూడు ఎలా ఉందో."

గదిలో ఎవరూ ఆ సంగతి ఎత్తకుండా చూసింది కూడా ఆవిడే అని తర్వాత తెలిసింది.

ఆ వారంలో కంపెనీ ఓడే ఇంకోటి, వేరేవాళ్ళు దారి రాసింది, జలసంధి గుండా గీత కూడా పడకుండా దాటింది. బేరాలాయన ఆ కబురు అతనికి చెప్పలేదు. అతనే తెర మీద చూశాడు. ఇంటికెళ్ళి అత్తగారికి చెబితే ఆవిడ లేచి కంచం తీసింది. "నువ్వు తిన్నావా?" అని మాత్రం అడిగింది. అమ్మ ఇప్పుడప్పుడే రాదని విన్నాక చిట్టి రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడోనాడు వచ్చి, "అమ్మ వచ్చేదాకా అమ్మ చోట్లో అమ్మమ్మని పడుకోమంటాను, చెవుల్లో దూది పెట్టుకుంటాను" అంది. తల్లి లేని చోటు ఖాళీగా ఉంచడం దానికి నచ్చలేదు.

భార్య దగ్గర్నుంచి మాత్రం ఫోను రాలేదు. చుక్క ఖండం అంచు వెంట మెల్లిగా పాకింది. పెద్దాయన కంటికి పట్టీతో తిరిగొచ్చి, ఒంటికన్నుతో తెర చూసి, "అలలు పెద్దవే, కానీ ఓడ గట్టిది" అన్నాడు. అతను టీ తాగాడు.

ఒక ఆదివారం, రాత్రి భోజనాలయ్యాక, ఫోను మోగింది.

"నిద్రపోయారా?"

"చిట్టి ఇప్పుడే పడుకుంది. లేపనా?"

"వద్దు. నీతోనే." గొంతు బొంగురుపోయి ఉంది. "మా వంటాయన సంగతి చెప్పనా? జలసంధి కబురు విన్న రోజు నుంచి లైఫ్ జాకెట్ వేసుకునే వండాడు. దాంట్లోనే పడుకున్నాడు. మేమంతా ఎగతాళి చేశాం, పులుసులో ఈదుతావా అని. నీ కబురొచ్చిన పూట జాకెట్ విప్పి కొక్కేనికి తగిలించి, గరిట పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. అది చూశాక నీ మీద కోపం కొంచెం తగ్గింది."

"కొంచెమేనా?"

"కొంచెమే. మిగతాది దాచుకున్నాను, ఇంటికొచ్చాక కావాలి." నవ్వబోయి ఆగింది. "ఆ రోజు అడిగానే, దానికి జవాబు దొరికిందా?"

"లేదు."

"నాకూ దొరకలేదు. నువ్వు రాయకముందే నేను గీత గీసి పెట్టాను, జలసంధి గుండా. చిట్టి కోసం. ఇక్కడ ఇంకా ఇందరికి ఇళ్ళున్నాయని ఆ పెన్సిలుకి తట్టలేదు."

అటుచివర రేవులో ఆమెకి బదులు మనిషి వస్తాడో రాడో ఇద్దరికీ తెలీదు. ఆ ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

"పన్నెండింటికి నా డ్యూటీ. కాసేపు నడుం వాలుస్తాను."

"సరే, పెట్టేస్తాను."

"పెట్టొద్దు. మాట్లాడకు. అలా ఉంచు, అంతే."

అతను ఉంచాడు. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, చెప్పుల చప్పుడు, దూరంగా ఇంజను. పగలంతా గాలి కోసం తీసి ఉంచే కేబిన్ తలుపుకున్న గొళ్ళెం ఊడిన చిన్న శబ్దం. పక్క కేబిన్లో వంటాయన నిద్రపోతున్నట్టున్నాడు. ఆమె తలుపుని ఒక్కసారిగా వదలకుండా చేత్తో పట్టుకుని, మెల్లిగా, మెల్లిగా దగ్గరికి వేసింది.