టేమర్ అవతలి అల్లుడు

థర్జా పిండిని గ్లాసు అంచుతో గుండ్రంగా కోస్తోంది. గ్లాసును నిటారుగా నొక్కి తీసేయాలి, తిప్పకూడదు. తిప్పితే స్కోన్ రొట్టె పొయ్యిలో ఒకవైపుకు ఒరిగి పొంగుతుంది. ఒరిగిన రొట్టెను బస్సులో వచ్చినవాళ్ళు ఫొటో తీయరు. ఫొటో తీయని వస్తువు డెవన్ సీమలోని ఈ కూంబ్‌లీ పల్లెలో అమ్ముడుపోదు.

ఆమె పొట్టి మనిషి. పొయ్యి తలుపు తగిలి ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. ముందుగదిలో టీ బల్లలు, వెనక కాపురం. గడ్డికప్పు, గుమ్మానికి పాకిన గులాబీ, వంకర గోడ, అన్నీ ఆమె తండ్రినాటివే. అప్పట్లో వాటిని పేదరికం అనేవారు. నగరంవాళ్ళు బస్సులు దిగి "ఎంత ముచ్చటగా ఉందో!" అన్న రోజున థర్జా లెక్క మార్చుకుంది. తన చిన్నతనాన్నే సరుకు చేసి కిటికీలో పెట్టింది.

ఆ చిన్నతనంలో ఈ వీధిలో కమ్మరి ఉండేవాడు, బడి ఉండేది, ఆదివారం చర్చి గంటలు మోగించడానికి మనుషులు పోటీపడేవారు. ఇప్పుడు సగం ఇళ్ళకు సెలవుల్లోనే దీపాలు వెలుగుతాయి. బస్సులు కూడా ఆగకపోతే ఈ చలికాలానికి టీ దుకాణం మూసి, ఇల్లు ఆ సెలవులవాళ్ళకే అమ్మాలి. ఏ ఊళ్ళో ఆగాలో తేల్చడానికి టూరిస్టు కంపెనీ అమ్మాయి ఇవాళ వస్తోంది.

"జోరీ! నువ్వు వంటింట్లోంచి కదలకు" అంది థర్జా.

గిన్నెలు తోముతున్న భర్త తల వంచుకునే నవ్వాడు. పొడుగాటి మనిషి. కాపురానికొచ్చిన కొత్తలో గుమ్మం పైచెక్క తగిలి నుదుట గీత పడింది. అప్పటినుంచి ఆరుబయట కూడా వంగే నడుస్తాడు.

"నేనేం చేశానే పిల్లా?"

"పోయినసారి బస్సులో వచ్చిన ముసలావిడకి నీ పద్ధతి నేర్పావు. మా డెవన్ పరువు తీశావు."

"పాపం, సరిగ్గా తినడం ఎవరూ చెప్పలేదటగా ఆవిడకి."

డెవన్‌లో స్కోన్ మీద ముందు మీగడ రాసి, పైన జామ్ పెడతారు. టేమర్ నది దాటి కార్న్‌వాల్‌లో అడుగుపెడితే ముందు జామ్, పైన మీగడ. జోరీ పాస్కో ఆ అవతలి ఒడ్డువాడు. పశువుల సంతకు దూడల్ని తోలుకొచ్చి, థర్జా బల్ల దగ్గర టీ తాగి, దూడల్ని అమ్మేసి తాను ఇక్కడే ఇల్లరికం ఉండిపోయాడు. ఊరంతా వద్దంది. థర్జా మటుకు లాభనష్టాలు తూచింది: బరువులు మోస్తాడు, తాగడు, ఎదురు చెప్పడు. ఆ మూడోది తప్పు లెక్కని మొదటి స్కోన్ దగ్గరే తేలింది. అప్పటినుంచి అతను తన పద్ధతిలో వంటింట్లోనే, కొనేవాళ్ళ కంటపడకుండా తింటున్నాడు.

బస్సు వచ్చింది. వీధంతా కెమెరాలు. కంపెనీ అమ్మాయి ఇమోజెన్ కిటికీ పక్కన కూర్చుంది. బల్లల్నీ కప్పుల్నీ పరీక్షగా చూసింది. మొహంలో ఏమీ తెలియడం లేదు.

థర్జా టీ కెటిల్ తేవడానికి లోపలికి వెళ్ళి వచ్చేసరికి, ఆ అమ్మాయి ముందు పళ్ళెం పెట్టి జోరీ నిలబడి ఉన్నాడు. పళ్ళెంలో స్కోన్ల మీద కింద ఎర్రగా జామ్, పైన తెల్లగా మీగడ.

"జోరీ!" థర్జా గొంతు గదంతా వినబడింది. "ఏంటది?"

"తొందరలో చెయ్యి అలవాటు కొద్దీ పోయిందే."

"పుట్టి బుద్ధెరిగాక ఏ డెవన్ చెయ్యీ అలా పోదు! తీసెయ్. అమ్మాయిగారూ, ఏమనుకోకండి, ఈయన నది అవతలి మనిషి."

"తియ్యనివ్వకండమ్మా," అన్నాడు జోరీ, ఆ అమ్మాయితో. "ఇన్నేళ్ళుగా శత్రువుల ఇంట్లో కాపురం చేస్తున్నాను. ఒక్కరైనా నా పక్షాన తినాలి కదా."

"శత్రువుల ఇంట్లో తిని తిని బుగ్గలొచ్చాయి చూడండి!" అంది థర్జా.

పక్క బల్లవాళ్ళు పగలబడి నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇమోజెన్ పెదవికి మీగడ అంటుకుంది. మొదటిసారి నవ్వింది.

వెళ్ళేముందు ఆ అమ్మాయి థర్జా చెయ్యి పట్టుకుంది. "గులాబీలున్న ఊళ్ళు చాలా చూశానండీ. ఇలాంటి పోట్లాట ఎక్కడా చూళ్ళేదు. గురువారం నుంచి బస్సులు ఇక్కడే ఆగుతాయి. ఒక్కటే, మీరిద్దరూ ఇలాగే పోట్లాడాలి. మావాళ్ళకు అదే చెప్తాను."

"దానికి సాధన అక్కర్లేదు" అంది థర్జా.

బస్సు మలుపు తిరిగింది. జోరీ వాకిట్లో ఊపిరి కూడదీసుకుంటూ నిలబడ్డాడు.

"చూశావా? నా జామే నీ ఇల్లు నిలబెట్టింది."

"నా తిట్లు నిలబెట్టాయి. పోయి కాసేపు కూర్చో, మొహం పాలిపోయింది."

"రాత్రికి బఠాణీ ఒలుస్తాను" అంటూ పెరటి మెట్టు వైపు వెళ్ళాడు.

ఆమె బల్లలు తుడిచింది. గురువారానికి ఎంత మీగడ చెప్పాలి, పళ్ళేలు చాలతాయా అని మనసులోనే బేరీజు వేసుకుంది. ఇల్లు నిలిచింది. తండ్రి గోడ నిలిచింది. అది అతని జామ్ వల్లేనని అతని దగ్గర సూటిగా ఒప్పుకుంటే పోయేదేముందని కూడా అనుకుంది. టీ కలిపి పెరట్లోకి తీసుకెళ్ళింది.

జోరీ గోడకు చేరగిలబడి ఉన్నాడు. కళ్ళు నది వైపు సగం తెరిచి ఉన్నాయి. ఆమె అతని చెయ్యి పట్టుకుని చూసింది, నాడి ఆడటం లేదు. మెట్టు మీద అతని పక్కనే కూర్చుంది.

"బేరం కుదిరింది ఇద్దరి మీద, జోరీ," అంది. "ఒక్కదాన్ని ఎవరితో పోట్లాడను?"

అతని ఒళ్ళో గిన్నెలో సగం విప్పిన బఠాణీకాయ ఉంది, గింజలింకా లోపలే వరుసగా అంటుకుని.