మడతక్క

దుప్పటి రెండు కొసలూ దొరకబుచ్చుకుని విదిలించబోయి ఆగింది మడతక్క. వేళ్ళు ముడుచుకోవడం లేదు. కణుపులు ఉబ్బి ఎర్రబడ్డాయి. ఈ నొప్పులు మొదలై ఇది ఏడో నెల. వేడినీళ్ళ గొట్టాన్ని కాసేపు అరచేతులతో పట్టుకుని, మళ్ళీ దుప్పటి అందుకుంది.

ఆసుపత్రి లాండ్రీలో పద్నాలుగేళ్ళుగా ఆమె పని మడతలు పెట్టడమే. ఆ పేరూ అలాగే వచ్చింది. అంచుకు అంచు కలిస్తే గాని ఆమెకు మనసొప్పదు. "నీ మడత చూస్తే పడుకోబుద్ధి కాదు వదినా, దాచుకోబుద్ధవుతుంది" అనేది ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే ఆడపడుచు.

"మళ్ళీ జ్వరమా?" అని అడిగింది ఇవాళ.

"ఏమో. ఒళ్ళు నా మాట వినట్లేదు."

భోజనాల వేళ పై అంతస్తుకు వెళ్ళింది. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"రోగాల మీద పోరాడాల్సిన శక్తి నీ ఒంటి మీదే తిరగబడిందమ్మా. కీళ్ళయ్యాయి, ఇప్పుడు మూత్రపిండాలు. ఇవాళే చేరాలి."

మడతక్క కొంగు అంచును మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది. "పిల్లలు పుట్టకుండా మాత్రలు వేసుకుంటున్నానండీ. తొమ్మిదేళ్ళుగా. వాటి వల్లనా?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "చెప్పలేను. వాటిలోని హార్మోన్లు ఒంటి రక్షణశక్తిని కదిలిస్తాయి. చాలామందికి ఏమీ కాదు. నీకు అవే కారణమా అంటే, తేల్చి చెప్పేంత లోతుగా ఇంకా ఎవరూ చూడలేదు."

"ఇంతమంది మింగుతుంటేనా?"

డాక్టరమ్మ చేరిక కాగితం అందుకుంది. "ఇక అవి ఆపెయ్. మీ ఆయన్ని వేరే దారి చూడమను" అంది రాస్తూ.

రెండో కాన్పులో రక్తం ఆగక చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. మూడోది వద్దన్నారు. పెనిమిటి చెడ్డవాడు కాదు. ఏదో మేడలో లిఫ్టు నడుపుతాడు, ఇంటికొచ్చి పిల్లలకు జడలు వేస్తాడు. పిల్లలు పుట్టకుండా తను ఆపరేషన్ చేయించుకునే మాట ఎత్తితే మాత్రం, "నాకు సూదంటేనే వణుకని తెలుసుగా" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. మర్నాడు మాత్ర వేసుకునేది.

కిందికొచ్చి ఆడపడుచుకు చెప్పింది.

"అన్నయ్యతో నేను మాట్లాడతా వదినా."

"ఇప్పుడు మాట్లాడి ఏం చేస్తావే."

మిగిలిన దుప్పట్లు ఎవరికి అప్పగించినా పనయ్యేది. అప్పగించలేదు. సాయంత్రం దాకా ఒక్కొక్కటే మడిచింది. కొసలు కలవని చోట గడ్డంతో అదిమిపట్టి కలిపింది. ఆ తర్వాత చేతులు కడుక్కుని, మెట్లెక్కలేక ఉత్తికాళ్ళతోనే లిఫ్టులో పైకెళ్ళి వార్డులో చేరింది.

మందులు మొదలుపెట్టారు. ఒళ్ళు అందుకోలేదు. తొమ్మిదో రోజు పొద్దున, ఆడపడుచు తల దువ్వుతుండగా, "పాపకు గోళ్ళు తియ్యాలి" అంది. దువ్వడం అయ్యేసరికి ఊపిరి లేదు.

పెనిమిటి డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ మాత్రల వల్లేనా అండీ?"

"తెలీదు" అందావిడ.

"నేనే ఆపరేషన్ చేయించుకుని ఉంటే బతికేదా?"

"అదీ తెలీదు."

ఆయన తల ఊపాడు, అర్థమైనవాడిలా.

కర్మలు ముగిశాక ఆడపడుచు పనిలోకి వచ్చింది. లాండ్రీ గుమ్మం పక్కన, చెప్పుల వరసలో చివర, వదిన చెప్పులు రెండూ గోడకు ఆనించి ఉన్నాయి. వాచిన పాదం పట్టడానికి కుడిదాని పట్టీ కోసి, పిన్నీసు పెట్టి ఉంది.