చెల్లెలు కలలో అడిగింది

ఆ పొద్దున సెల్మీరా తన కల గురించి మొట్టమొదటిసారి అబద్ధమాడింది.

"ఏం కలొచ్చిందే?" అని తల్లి కార్మేలా పొయ్యి దగ్గర్నుంచి అడిగింది. మా గువాహిరా ఎడారిలో, మా వాయూ తెగవాళ్ల ఇళ్లలో, తెల్లవారాక మొదటి మాట అదే. బాగా నిద్రపట్టిందా, ఒళ్లెలా ఉంది, ఇవన్నీ తర్వాత. కాఫీ పొంగేలోపు ఇంట్లో ఎవరి కల వాళ్లు చెప్పేయాలి. మంచిదైతే నవ్వుకుంటాం, చెడ్డదైతే దానికేం చేయాలో చేస్తాం. చెప్పకుండా కడుపులో దాచుకున్న కల మాత్రం ఇంటి మీదికొస్తుంది. ఈ సంగతి తెలియని పిల్ల మా దగ్గర పుట్టదు.

సెల్మీరాకి చెల్లెలు కనిపించింది. చనిపోయినవాళ్ల పేరు పలకకూడదు గనక నేనూ పలకను. వాకిట్లో మేం మంచంలా వాడే ఊయల పక్కన నిలబడి, "అక్కా, అక్కడ ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా. నా కూతుర్ని పంపించు" అందట.

ఆ కూతురే మైరెత్. తల్లి పోయినప్పుడు ఇంకా పాలు మానలేదు. సెల్మీరాకి కడుపు పండలేదు, ఆ పిల్లే ఆవిడకి లోకం. పోయినవాళ్లు పిల్లని అడిగితే ఇంట్లోవాళ్లు ఏం చేస్తారో ఆవిడకి బాగా తెలుసు. ఆ పిల్లని ఆ పోయినవాళ్లెరగని చోటికి, ఎరగని బంధువుల ఇంటికి పంపేస్తారు. మళ్లీ ఈ గడప తొక్కనివ్వరు. చెబితే పిల్ల ఇల్లు దాటిపోతుంది, చెప్పకపోతే దాని ప్రాణమే పోతుంది. సెల్మీరా నాలుక మీదికి మూడో దారి వచ్చింది.

"చెల్లి వచ్చిందమ్మా. మేకని అడిగింది. ఆ నల్లచెవుల దాన్ని."

మేనమామ టొరీబియో ఊయల్లోంచే పగలబడి నవ్వాడు. "చూశావా అక్కా! బతికున్నప్పుడూ దాని కన్ను నా మేక మీదే. పోయాక కూడా వదల్లేదు!"

"నోర్ముయ్యరా. అడిగింది ఇవ్వాల్సిందే" అంది కార్మేలా.

ఇచ్చారు. ఆ పూటే మేకని కోసి, చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచి, చెల్లెలి కోసమని భోజనం పెట్టారు. టొరీబియో తన మేక పోయిందని ఏడుస్తూనే అందరికంటే ఎక్కువ తిన్నాడు. సెల్మీరా మాంసం ముట్టలేదు. ఆ తర్వాత చెల్లెలు కలలోకి రాలేదు. వాన నీటి గుంట దగ్గర బట్టలుతుకుతూ సెల్మీరా పాట కూడా పాడింది. చచ్చినవాళ్లనీ మాయ చేయొచ్చనుకుంది, పిచ్చిది.

ఆ తర్వాత మైరెత్ పగటిపూట నిద్రపోవడం మొదలుపెట్టింది. మేకల వెంట వెళ్లి ముళ్లచెట్టు కింద పడుకునేది. లేపితే, ఎవరితోనో మాట్లాడుతుంటే మధ్యలో పిలిచినట్టు విసుక్కునేది. ఒళ్లు వేడిగా లేదు, దగ్గు లేదు. సెల్మీరా పిల్ల నుదురు పదేపదే తడిమి చూసేది.

ఒక పొద్దున కార్మేలా కాఫీ పోస్తూ, "నీకేం కలొచ్చింది బంగారం?" అని మనవరాలిని అడిగింది.

"అమ్మొచ్చింది. రోజూ వస్తోంది. మేక బాగుందంది. కానీ తను అడిగింది మేకని కాదంట. ఏం అడిగానో పెద్దమ్మనడుగు అంది." మైరెత్ ఆవలిస్తూ సెల్మీరా వైపు తిరిగింది. "ఏం అడిగింది పెద్దమ్మా?"

సెల్మీరా ఇంకా దాచలేకపోయింది. ఉన్నదంతా చెప్పేసింది. కార్మేలా కొట్టలేదు, తిట్టలేదు. "పిల్లని వదులుకోలేక పిల్లనే పందెం పెట్టావు కదే" అని మాత్రం అంది. అంతకంటే కొట్టినా బాగుండేది.

కలలు విప్పే ముసలావిడ ఎర్మీనియాని పిలిపించారు. ఆవిడ పొగాకు నమిలి, గిలక్కాయ ఆడించి, చాలాసేపు కళ్లు మూసుకుంది. "పిల్లని ఇవాళే పంపేయండి" అంది కళ్లు తెరుస్తూనే. తర్వాత సెల్మీరాని వేలు పెట్టి చూపించింది. "ఎక్కడికో ఇదిగో, దీనికి తెలియకూడదు."

"నేనే పెంచాను కదమ్మా!"

"అందుకే. పిల్ల ఎరగని చోటికి పోయాక నీ చెల్లెలికి మిగిలే దారి నీ కలే. వచ్చి అడుగుతుంది. మెలకువలో ఆడినట్టు నిద్రలో అబద్ధమాడలేవు తల్లీ. తెలిస్తే చెప్పేస్తావు."

"పోనీ దిక్కయినా చెప్పండి. ఆ వైపు తిరిగి కూర్చుంటాను, అంతే."

టొరీబియో ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించేవాడు. ఆ పూట తల వంచుకుని లారీ తీసుకురావడానికి వెళ్లిపోయాడు.

సెల్మీరా పిల్లకి తల దువ్వింది. విప్పి మళ్లీ దువ్వింది. "నువ్వెప్పుడొస్తావు పెద్దమ్మా?" అంటే, "నువ్వు బాగా తిను" అంది. మా ఎడారిలో లారీ వెళితే దాని దుమ్ము చాలాసేపు కనిపిస్తుంది. అందుకని ఆవిడని లోపల గోడకెదురుగా కూర్చోబెట్టి, చెవులకి గుడ్డ చుట్టారు. దుమ్ము అణిగిపోయాక కార్మేలా వచ్చి ఆ గుడ్డ విప్పింది.

మర్నాడు పొద్దున కాఫీ పొంగుతోంది. కార్మేలా అడగడానికి కాస్త జంకింది. అయినా అడిగింది.

"ఏం కలొచ్చిందే?"

"వచ్చిందమ్మా. పిల్లెక్కడుందక్కా అని అడిగింది. నాకు తెలీదన్నాను."

"నమ్మిందా?"

"నమ్మింది. 'నీక్కూడా చెప్పలేదా?' అంది. నా ఊయల అంచున కూర్చుని ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం." సెల్మీరా వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది. "నేను లేచొచ్చేశాను గానీ, తను ఇంకా అక్కడే ఉందమ్మా."