దెబోరా ఇంట్లో ఆరిపోయిన లైటు

తన సంసారంలో నిప్పులు పోసింది దెబోరా అనే ఆ మ్యూజియం ముసలిదేనని రాయప్ప సిడ్నీలోని పెండిల్ హిల్‌లో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్తున్నాడు. ఇండియన్ షాపులో ఉల్లిపాయలు ఏరుకుంటున్న మనిషిని కూడా వదలడం లేదు. ఆవిడని రాయప్ప ఒక్కసారైనా చూసింది లేదు. ఆవిడ చేసిన నేరమల్లా ఒక శుక్రవారం సాయంత్రం అతని భార్య మరియరాణిని భోజనానికి పిలవడం.

మరియరాణి తెనాలిలో డ్రాయింగు టీచరు. సిడ్నీ వచ్చాక బోండై వైపున్న ఒక చిన్న యూదుల కళా మ్యూజియంలో టికెట్ల దగ్గర చేరి, మెల్లిగా దెబోరాకి సహాయకురాలైంది. దెబోరా అక్కడ క్యూరేటరు. ఏ బొమ్మ ఏ గోడకి వేలాడాలో, ఏ పాతగుడ్డ మీద ఎంత వెలుతురు పడొచ్చో తేల్చే మనిషి. మెల్‌బోర్న్‌లో బొత్తాలు అమ్ముకునే తండ్రికి పుట్టింది. చిన్నవయసులో మ్యూజియంలో చేరితే కమిటీ మగవాళ్ళు అప్పగించిన మొదటి పని టీ పెట్టడం, రెండోది ప్రార్థన మందిరాల నుంచి వచ్చిన పాత తెరలకి దుమ్ము దులపడం. ఆ దులపడంలోనే ఆవిడ కంట పడింది: ప్రతి తెర మీదా దాన్ని ఇచ్చిన మగవాడి పేరు జరీతో మెరుస్తోంది, కళ్ళు పోగొట్టుకుని కుట్టిన ఆడదాని పేరు ఎక్కడా లేదు. ఇక ఆవిడ ఉద్యోగమంతా ఆ పేర్ల వెంట పడటమే. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కూర్చుని, మీ అమ్మమ్మ కుట్టేదా, ఏ రంగు దారం వాడేది అని అడిగి అడిగి, ఒక్కో పేరూ పట్టుకొచ్చి గోడ మీద రాయించేది. టీ పెట్టమన్న కమిటీ చివరికి ఆవిడ సంతకం లేనిదే మేకు కూడా కొట్టలేని రోజు వచ్చింది.

ఇవన్నీ ఇంట్లో చెప్తే రాయప్ప నవ్వేవాడు. "అయితే మీది మేకులు కొట్టే ఉద్యోగమన్నమాట."

సోమవారం నుంచి శుక్రవారం దాకా మ్యూజియం. ఆదివారం చర్చి, చర్చి నుంచి రాగానే పదిమందికి వంట. మధ్యలో మిగిలిన శనివారం ఒక్కటే మరియరాణి కొంగున ముడేసుకున్న రోజు. ఆ రోజు కూడా ఆమె ఏదో పొడిచేసేదని కాదు. బట్టలు ఉతికేది, ఫ్రిజ్ తుడిచేది. అయినా పొద్దున కాఫీ తాగుతూ కాసేపు వెనక పెరట్లో కూర్చునే వీలుండేది. దానికీ దిష్టి తగిలింది. ఒక ఆదివారం చర్చిలో సంఘపెద్ద హోదాలో రాయప్ప లేచి, ఇకనుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం సహవాసం, ప్రార్థనా భోజనమూ అన్నీ మా ఇంట్లోనే, నలభైమందైనా పర్లేదు, భోజనం మా ఆవిడ చూసుకుంటుంది అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంగతి మరియరాణికి తెలియడం కూడా అప్పుడే. పక్కవాళ్ళు చూస్తున్నారని ఆమె కూడా కొట్టింది. తన మెడకి తాడు పడుతుంటే తనే చప్పట్లు కొట్టిన దాన్ని నేనొక్కదాన్నే అయుంటాను అని దారి పొడుగునా అనుకుంది. పైకి అడిగితే, "దేవుడి పనికి కూడా లెక్కలేంటే?" అన్నాడు రాయప్ప. దేవుడి పని ఎప్పుడూ స్టవ్ దగ్గరే ఎందుకుంటుందో ఆమెకి అర్థం కాలేదు.

మొదటి సహవాసానికి ముందురోజు సాయంత్రమే దెబోరా భోజనానికి పిలిచింది.

యూదుల విశ్రాంతి దినమని, శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటి పడేదాకా దెబోరా ఇంట్లో పని అనేది ఉండదు. పొయ్యి వెలిగించరు, ఫోను ముట్టరు, లైటు వెయ్యరు, ఆర్పరు. కావలసిన లైట్లు ముందే వేసి ఉంచుతారు. ఈ సంగతి మరియరాణి తలకి తెలుసు. చేతికి తెలియదు. ఆ చెయ్యి రాయప్ప ఇంట్లో తయారైన చెయ్యి. గదిలోంచి బయటికొస్తే స్విచ్ మీదికి దానంతటదే పోతుంది. భోజనం మధ్యలో చేతులు కడుక్కుని వస్తూ, నడవా గోడ మీదున్న మూడు స్విచ్‌లూ టకటకా నొక్కేసింది.

ఇల్లంతా చీకటైపోయింది. బల్ల మీద రెండు కొవ్వొత్తులు మాత్రం మిగిలాయి.

"అయ్యో! సారీ, సారీ... వేసేస్తాను."

దెబోరా పగలబడి నవ్వుతోంది. వచ్చిన చుట్టాలిద్దరూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

"వెయ్యమని నేను చెప్పకూడదు," అంది దెబోరా నవ్వు ఆపుకుంటూ. "మా కోసం నువ్వు వేసినా మాకు చెల్లదు. కానీ నీకు చీకటిగా ఉండి, నీకోసం నువ్వు వేసుకున్నావనుకో, ఆ వెలుగులో మేమూ కూర్చోవచ్చు. మా నియమం అంతే."

మరియరాణి చెయ్యి స్విచ్ మీదే ఆగిపోయింది. నాకోసమా? చిన్న ప్రశ్నే. కానీ ఆ ప్రశ్నతో ఏ లైటూ వేసుకున్న గుర్తు లేదు ఆమెకి. తెల్లవారకుండా వంటింట్లో వేసే లైటు కూతురు కరోలిన్ లంచ్ బాక్సు కోసం. హాల్లో లైటు రాయప్ప స్నేహితుల కోసం. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఒకసారి వేసుకుంది. అందరి భోజనాలూ అయ్యాక పెన్సిలు పట్టుకుని గోడవారగా కూర్చుంటే, అత్తగారు గుమ్మంలోంచి, "కరెంటు మీ పుట్టింటి నుంచి రావట్లేదమ్మా," అంది. ఆర్పేసింది. పెన్సిలు ఎక్కడ పెట్టిందో కూడా గుర్తులేదు.

ఇప్పుడు నాకేం కావాలి? బల్ల మీద రొట్టెకి కప్పిన గుడ్డ గుర్తొచ్చింది. దాని మీద ఎవరో కుట్టిన పిట్టలు. ఇందాక సరిగ్గా చూడనే లేదు. ఆ రెక్కలు నీలమో ఆకుపచ్చో చూడాలనిపించింది. ఎవరికోసమూ కాదు. చూడాలనిపించింది, అంతే.

లైటు వేసుకుంది. రెక్కలు నీలం.

"ఈ ఒక్క రోజూ లేకపోతే ఆ కమిటీ నన్నెప్పుడో నమిలి మింగేసేది," అంది దెబోరా రొట్టె అందిస్తూ. "ఆరు రోజులు ఎవరికైనా ఇస్తాను. ఇది ఇవ్వను."

బ్యాగులో మరియరాణి ఫోను గుయ్యిగుయ్యిమంటోంది. రాయప్పే. ఉల్లిపాయలు ఎన్ని కిలోలు తేవాలని మెసేజు. ఆమె ఫోను ఆపేసి రెండో ముక్క తీసుకుంది.

ఇంటికి రాగానే చెప్పులు విప్పుతూ చెప్పేసింది. "ఏవండీ, రేపు నేను వండను. ఏ శనివారమూ వండను."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. బాగుండగానే వండను."

"వాళ్ళ శనివారం మనకెందుకే? మన విశ్రాంతి ఆదివారం కదా!"

"ఆదివారం విశ్రాంతి మీకు."

యూనివర్సిటీ నుంచి వచ్చి సోఫాలో పడుకున్న కరోలిన్ తల కూడా ఎత్తకుండా, "ఫెయిర్ ఎనఫ్, డాడ్," అంది.

రాయప్ప అది మాటవరసకి అన్నదనుకున్నాడు. తెల్లారి పది దాటినా వంటింట్లో చప్పుడు లేకపోయేసరికి అతనికి చెమటలు పట్టాయి. పన్నెండింటికి సంఘం వచ్చేసరికి సంఘపెద్దగారు నిక్కరు మీద ఏప్రను కట్టుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"వందనాలు అన్నయ్యా!" అంది రత్నకుమారి గుమ్మంలోంచే. "ప్రార్థనలో కూడా మీకిన్ని కన్నీళ్ళు రాగా చూళ్ళేదు!"

అందరూ గొల్లుమన్నారు. మెల్విన్ అంకుల్ చేతులు కడుక్కుని చికెన్ పని అందుకున్నాడు. ఇంకెవరో బియ్యం కడిగారు. మూడింటికి బిర్యానీ అయింది. అడుగు మాడింది, ఉప్పు ఎక్కువైంది, ఒక్క మెతుకు కూడా మిగల్లేదు.

పెరట్లో చలికాలపు ఎండ దోరగా కాస్తోంది. మరియరాణి కుర్చీ వేసుకుని, కరోలిన్ పెన్సిలుతో నీలం రెక్కల పిట్టని గీస్తోంది. రత్నకుమారి వచ్చి పక్కన చతికిలబడింది.

"టీ ఉందా వదినా?"

"నాకోసం పెట్టుకున్నాను. గిన్నెలో ఇంకా ఉంది, పోసుకో."

రత్నకుమారి పోసుకుంది. బొమ్మకేసి, వంటింట్లో గిన్నెలు తోముతున్న మగాళ్ళకేసి మార్చి మార్చి చూసింది. "అన్నయ్య పొద్దుట్నుంచీ తిడుతున్న ఆ దెబోరాగారు ఇంకెవర్నైనా భోజనానికి పిలుస్తారా?" అంది.

రాయప్ప ఇప్పటికీ షాపులో నిలబడి తన నష్టం చెప్పుకుంటూనే ఉన్నాడు. దెబోరా వల్ల అతను పోగొట్టుకున్నది లెక్కేస్తే, వారానికి సరిగ్గా ఒక్క రోజు. మిగతా ఆరింటి గురించి మరియరాణి ఇంకా నోరు విప్పలేదు.