గిడియన్‌కు పరీక్ష ఎవరు పెట్టాలి

2018 మే 15, మంగళవారం ఉదయం 9 గంటల 22 నిమిషాలకు ఎనిమిదేళ్ళ గిడియన్ ఆబ్షర్ తన ఇంటి వంటింట్లో పెన్సిల్ కింద పెట్టి, బల్ల కిందికి దూరాడు. పరీక్ష మొదలై పన్నెండు నిమిషాలైంది. జవాబుల కాగితం మీద ముప్ఫై ప్రశ్నలున్నాయి. అతను గుండ్రాలు నింపినవి నాలుగు.

"బయటికి రా గిడ్. గడియారం నడుస్తోంది," అంది తల్లి డార్సీ.

"అందుకే రాను," అన్నాడు.

నార్త్ కరోలినాలో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించేవాళ్ళు ఏడాదికోసారి వాళ్ళకు ప్రామాణిక పరీక్ష ఒకటి పెట్టించాలి. ఏ పరీక్ష అన్నది తల్లిదండ్రుల ఇష్టం. ఇన్ని మార్కులు రావాలన్న నియమం లేదు. ఫలితం కాగితం ఇంట్లో దాచి, అధికారులు అడిగితే చూపించాలి. డార్సీని ఏ అధికారీ అడగలేదు. అడుగుతున్నది అత్తగారు వర్లీన్.

వర్లీన్ ఫ్రిజ్ మీద ఏప్రిల్ నుంచి ఒక ఫలితం కాగితం ఉంది. అది పెద్దకొడుకు కూతురు ఎడిత్‌ది. ఎడిత్‌కూ ఎనిమిదేళ్ళే, చదివేదీ ఇంట్లోనే, రెండో తరగతే. 'చదవడం' అన్న గడిలో 5.8, అంటే అయిదో తరగతి ఎనిమిదో నెల, అని ఉంది. మా ఎడిత్ అయిదో తరగతిలో ఉందని వర్లీన్ చర్చిలో చెప్పింది, మందుల షాపులో చెప్పింది. ఎడిత్ తల్లి మెరిడిత్ పెళ్ళికి ముందు టీచరుగా పనిచేసింది. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆమె సర్దిచెప్పబోయింది.

"అలా కాదమ్మా. రెండో తరగతి ప్రశ్నపత్రం ఇస్తే అయిదో తరగతి పిల్లలు ఎలా రాస్తారో ఇదీ అలా రాసింది. అంతే. అయిదో తరగతి పాఠాలు దీనికి రావు."

"చూశావా డార్సీ, పిసరంత గొప్ప చెప్పుకోదు," అంది వర్లీన్.

డార్సీ చిక్కుడు గింజల గిన్నె పక్కకు జరిపింది. "ఆమెకేం అవసరం, చెప్పడానికి మీరున్నారుగా," అంది.

డార్సీ భర్త రాయిస్ కరెంటు లైన్ల మీద పనిచేస్తాడు. మార్చిలోనే అతనొక మాట అన్నాడు. ఈసారి పరీక్షలో చూద్దాం, వాడు వెనకబడ్డాడని తేలితే ఆగస్టులో బడిలో వేద్దాం అని. డార్సీ సరేనంది. గిడియన్ ఫిబ్రవరి నుంచి తన ముందు పైకి చదవడం మానేశాడన్న సంగతి మాత్రం చెప్పలేదు.

పిల్లల్ని ఇంట్లో చదివించే తల్లులు శుక్రవారాలు చర్చి హాల్లో కలుస్తారు. పిల్లలు అవతల గదిలో రంగులు వేస్తుంటారు, తల్లులు కాఫీ తాగుతూ మాట్లాడుకుంటారు. ఏప్రిల్ చివరి శుక్రవారం మాట పరీక్షల మీదికి మళ్ళింది.

"గిడ్‌కి ఎదురుగా కూర్చుని నోటితో అడిగే పరీక్ష నయం," అంది మెరిడిత్. "దానికి గడియారం లేదు. జవాబు వేలితో చూపించినా చాలు."

"అది పెట్టేవాళ్ళకి డిగ్రీ ఉండాలటగా," అంది డార్సీ.

"ఉండాలి. నేను పెడతాను. ఒక్క పూట పని."

డార్సీ కాలేజీలో ఏడాది చదివి మానేసింది. ఆ సంగతి ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

"నా పిల్లాణ్ణి నేను చదివించుకుంటున్నాను మెరిడిత్. పరీక్షా నేనే పెట్టుకుంటాను."

"ఆమె వద్దంటే మావాడికి పెట్టు," అంది జోయెల్ అనే ఆమె. "మావాడు పది నిమిషాలు కుర్చీలో కూర్చుంటే చాలు, పాసైనట్టే రాసెయ్యి."

అందరూ నవ్వారు. డార్సీ కప్పు కడగడానికి లేచింది.

ఆ రాత్రి ఆమె కంప్యూటర్లో ఆర్డరు పెట్టింది ఎడిత్ రాసిన పరీక్షకే. దానికి గడియారం ఉంది, నింపాల్సిన గుండ్రాలు ఉన్నాయి. పెట్టేవాళ్ళకు డిగ్రీ అక్కర్లేదు.

"వాడికి గడియారం పడదని నువ్వే అన్నావు," అన్నాడు రాయిస్.

"ఇద్దర్నీ ఒకే కొలతతో కొలవాలి. రేపు ఎవరూ ఏమీ అనకూడదు."

"కొలిచేది పిల్లల్నా, మెరిడిత్‌నా?"

డార్సీ కంప్యూటర్ మూసింది.

మే 15న గిడియన్ పదింటికి బల్ల కింద నుంచి వచ్చి పెరట్లోకి పోయాడు. డార్సీ అతని పెన్సిల్ తీసుకుని ఏడు గుండ్రాలు నింపింది. ఏడూ సరైన జవాబులే. తర్వాత రబ్బరుతో చెరిపింది. ఈ మాట తర్వాత మెరిడిత్‌కు చెప్పింది ఆమే. ఆ ప్రశ్నపత్రం అదే పిల్లవాడికి ఆ ఏడాది రెండోసారి పెట్టకూడదని పరీక్ష అమ్మే కంపెనీ కాగితంలో ఉంది. ఆమె దాన్ని తిరిగి పంపేసింది.

వాళ్ళ చదువుల ఏడాది జూన్‌తో ముగుస్తుంది. జూన్ 1న డార్సీ మెరిడిత్‌కు ఫోన్ చేసింది.

"నువ్వన్న మాట ఇంకా ఉందా?"

"ఏ మాట?" అంది మెరిడిత్.

"ఆడించకు. నీకు తెలుసు."

"ఉంది. గురువారం తీసుకురా. నువ్వూ లోపలే కూర్చో."

"నేనుంటే వాడు చదవడు."



"ఎప్పట్నుంచి?" అంది మెరిడిత్.

"చలికాలం నుంచి. మీ అత్తగారికి చెప్పకు."

"మన అత్తగారికి," అంది మెరిడిత్. "చెప్పను."

జూన్ 7, గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు డార్సీ గిడియన్‌ను మెరిడిత్ గుమ్మం దగ్గర దింపి, వచ్చి కార్లో కూర్చుంది. వంటింటి కిటికీ తెరిచి ఉంది. మొదటి అరగంట మెరిడిత్ గొంతే వినిపించింది. 10 గంటల 5 నిమిషాలకు గిడియన్ గొంతు వినిపించింది. చదువుతున్నాడు. ఒక మాట దగ్గర ఆగాడు, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. ఎవరూ అందివ్వలేదు. తర్వాత నవ్వాడు. డార్సీ కారు అద్దం పైకెత్తింది. రెండు నిమిషాలకు మళ్ళీ దించింది.

11:40కి మెరిడిత్ బయటికి వచ్చింది.

"అసలు లెక్క కంపెనీ నుంచి రావాలి. నేను చూసినంతలో రెండో తరగతివాడికి ఉండాల్సినంత ఉంది. చదవడంలో కాస్త ఎక్కువే. రాయిస్‌కి ధైర్యంగా చెప్పు."

"పైకి చదివాడు," అంది డార్సీ.

"నాలుగు పేజీలు."

"నీకు."

మెరిడిత్ కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"వాడికి ఏం చెప్పి చదివించావు?" అంది డార్సీ.

"ఏమీ చెప్పలేదు డార్సీ. నేను వాళ్ళమ్మను కాదు, అంతే."

"వాడేడి?"

"పరీక్ష అయిపోయింది, వెళ్దువుగాని అన్నాను. ఎడిత్ ఏదో పుస్తకం తెచ్చింది. దానికి చదివి వినిపిస్తున్నాడు. పిలవనా?"

డార్సీ కిటికీ వైపు చూసింది.

"వద్దు, చదవనీ," అంది.

మెరిడిత్ లోపలికి వెళ్ళింది. పన్నెండున్నరకు డార్సీ కార్లోనే ఉంది, గిడియన్ ఇంకా బయటికి రాలేదు.