జత పడని పేరు

పత్తి పోయిన ఏడు జాన్ బాషా పురుగుమందు తాగి చనిపోయాడు. అతను పోయిన మూడో నెలలో భార్య ఖుర్షిదా ఒంగోలులో సర్కారు ఆఫీసుకు వెళ్ళింది. చనిపోయిన రైతుల పిల్లలకు హాస్టలు బడిలో సీటిస్తున్నారు. సీటొస్తే కూతురు నజ్మీన్‌కు చదువు, రాకపోతే మిరప కోత.

కంప్యూటరు దగ్గరున్న శ్రీరమ్య అంచులకు చిల్లులున్న పొడుగాటి కాగితాలు తిరగేసింది.

"మీ ఆయన పేరు విడిగా పడిందమ్మా."

"విడిగా అంటే?"

"హైదరాబాదులో పెద్ద కంప్యూటర్లో రెండు ఫైళ్ళున్నాయి. ఒకదాంట్లో పోయినవాళ్ళు, ఇంకోదాంట్లో పొలమున్నవాళ్ళు. రెండూ పక్కపక్కన పెట్టి పేర్లు జత చూస్తారు. రెండింట్లోనూ పేరుంటేనే రైతు. ఒక్కదాంట్లోనే ఉంటే, ఇదిగో, కంప్యూటరు ఈ కట్టలోకి తోసేస్తుంది."

"మాది కౌలమ్మా. పదేళ్ళబట్టి ఆయనే దున్నాడు."

"కాగితం ఉందా?"

కౌలుకు కాగితమేమిటి? ఉగాదినాడు జాన్ బాషా వెళ్ళి అరుగు మీద కూర్చుంటే, పొలం ఆసామి పిచ్చయ్య "ఈ యేడూ నువ్వే చేసుకోరా" అనేవాడు. అంతే.

శ్రీరమ్య ఊరూ పొలమూ అడిగి, పొలమున్నవాళ్ళ కట్టలో వెతికింది. "సుబ్బయ్య అని ఉంది."

"పిచ్చయ్యగారి తాత. ఆయన పోయి చాలా ఏళ్ళయింది."

"ఇందులో ఇంకా ఆయనే రైతు." నవ్వబోయిన శ్రీరమ్య ఖుర్షిదా మొహం చూసి ఆగింది. "పిచ్చయ్యగారి చేత కౌలుకిచ్చానని ఒక్క ముక్క రాయించుకురా. మళ్ళీ కలపమని పంపుతా."

ఖుర్షిదా బస్సు దిగి నేరుగా పిచ్చయ్య కల్లానికి వెళ్ళింది. ఆరబోసిన మిరపకాయల ఘాటుకి ఆమె కళ్ళు కారాయి.

"ఏడవమాకు ఖుర్షిదా," అన్నాడు పిచ్చయ్య, సంగతంతా విని. "వాడు నాకు కొడుకు లాంటోడు. ఎక్కడికి రమ్మన్నా వచ్చి నోటితో చెబుతా. రాయమని మాత్రం అడగమాకు. రేపు నీ అల్లుడొచ్చి పొలం మాదంటే?"

"కంప్యూటరు నోటిమాట వినదంట బాబాయ్."

"అయితే దాన్నే ఇక్కడికి రమ్మను!"

కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఖుర్షిదాకు కోపం కూడా రాలేదు. ఇంటికి వెళ్ళి అన్నం వండింది. నజ్మీన్ కంచాలు పెట్టింది.

తెల్లారాక తల్లి గోతం పట్టుకుని బయలుదేరుతుంటే, నజ్మీన్ తండ్రి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని వెనకే వచ్చింది. చొక్కా చేతుల్ని రెండు మడతలు పెట్టుకుంది.

గట్టు మీద పిచ్చయ్య కూలీలకు సాళ్ళు చూపిస్తున్నాడు.

"పిల్ల కూడా వచ్చిందే! మీ అమ్మ పక్క సాలు పట్టవే."

నజ్మీన్ సాల్లోకి దిగింది. ఖుర్షిదా తన సాల్లో వంగి, కోయడం మొదలుపెట్టింది.